నీళ్లలో తేలిన హద్దురాయి

పాస్ఓవర్ అన్నారు. అంటే ఇప్పుడు కాదు, మిగతా కేసులన్నీ పిలిచాక మళ్లీ పిలుస్తారు, అంటే ఒక గంట, మహా అయితే గంటా పది నిమిషాలు, ఆ గంటలోనే బాపుకు చెప్పెయ్యాలి, చెప్పెయ్యాలి అనుకుంటూనే రుచిత నల్లకోటు గుండీ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. వికారాబాద్ కోర్టు వరండాలో బెంచీకి ఈ కొసన తను, ఆ కొసన బాపు, మధ్యలో తాండూరు నుంచి అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల డబ్బా, ఎదురుగా స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్న శంకరమ్మ. శంకరమ్మ వాళ్ల క్లయింటు. క్లయింటు అనే మాట ఆమెకు అస్సలు అతకదు, చూసినవాళ్లెవరైనా ఎవరి పెద్దమ్మో పెళ్లికని వచ్చి దారి తప్పి కోర్టులో కూర్చుంది అనుకుంటారు, చేతిలో గొర్లను తోలే కట్టె ఒక్కటే తక్కువ, అది కూడా గేటు దగ్గర పోలీసాయన బయట పెట్టించాడు కాబట్టి. సీనియర్ అనంతయ్య సారు లోపల ఇంకో కేసులో నిలబడి ఉన్నారు, పొద్దున కారు దిగుతూనే అనేశారు, సాక్షి మీ నాయిన, ప్రశ్న నువ్వే అడుగు అని, అనేసి ఫైలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు, పద్నాలుగు నెలలుగా ఈ కోర్టులో రుచిత పైకి అన్న వాక్యం ఒకే ఒక్కటి, మా సీనియర్ వస్తున్నారు పాస్ఓవర్ ఇప్పించండి అని, అదే వాక్యం ఇందాక కూడా అన్నది, ఈసారి సీనియర్ పక్కనే ఉన్నా అన్నది, అనంతయ్య సారు అదోలా చూశారు.

బాపు గోడను చూస్తున్నాడు. కోర్టుకొచ్చినవాళ్లు తలుపును చూస్తారు, గడియారాన్ని చూస్తారు, అవతలి పార్టీ మొహాన్ని చూస్తారు, పాండురంగం మాత్రం గోడను చూస్తాడు, స్తంభానికీ గోడకీ మధ్య రంగు ఎక్కడ మారుతుందో చూస్తాడు, చూసి బొటనవేలి గోరుతో మెల్లగా గీకుతాడు, బాపూ వద్దు అని రుచిత కళ్లతోనే అంటే చిన్నపిల్లాడిలా చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. ముప్పై నాలుగేళ్లు హైదరాబాద్ స్టూడియోల్లో సినిమా సెట్లకు రంగులేశాడు, ప్లైవుడ్డును పాలరాయి చేశాడు, థర్మాకోలును గుడిగోడ చేశాడు, గోనెగుడ్డను జైలు ఇటుక చేశాడు, పొద్దున తాండూరు స్టేషన్లో రైలెక్కినప్పటి నుంచీ ఒకటే మాట, ఇరవై మూడు కోర్టులు ఏసిన బిడ్డా, ఒక్క అసలు కోర్టుల కాలు వెట్టలే, ఇయ్యాల వెడ్తున్న అని, పెళ్లికొడుకులా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కళ్లద్దాలు, గోళ్ల కింద మాత్రం ఎంత కడిగినా పోని నీలిరంగు. వచ్చాక కొంచెం నిరాశపడ్డాడు కూడా, తను వేసిన కోర్టుల్లో కలపమీద చెక్కుడు పని మస్తుగా ఉంటదట, బోనుకు గుండ్రటి కడ్డీలు ఉంటాయట, తక్కెడ పట్టుకున్న బొమ్మ నిలువెత్తున ఉంటదట, ఇక్కడేమో అందరూ గొణుక్కున్నట్టు మాట్లాడుతున్నారు, ఒక్కడన్నా అరుస్తలేడేందే అని అడిగాడు, అరిస్తే బయటికి పంపిస్తారు బాపూ అంది, గట్లనా అని చాలాసేపు ఆలోచించి, అయితే మేం ఇన్నేండ్లు తప్పు ఏసినమన్నట్టు అన్నాడు. ఆ తప్పు అనే మాట దగ్గర రుచిత తల తిప్పి బాపును చూసింది, చెప్పెయ్యొచ్చు కదా ఇక్కడే, తప్పు అన్నాడు కదా, దాన్నే పట్టుకుని చెప్పెయ్యొచ్చు కదా, ఊహూ, ఫైలు తెరిచింది, మూసింది.

ఫైల్లో ఉన్నది ఒక ఫొటో. మోమిన్‌పేట్ అవతల ఒక చెలక, వానకు పండే మెట్టచేను, వెనక కరెంటు స్తంభం, ముందు నడుమెత్తు హద్దురాయి, రాయికి పసుపు పూసి కుంకుమ పెట్టి ఉంది, పక్కన దండం పెడుతున్న మహేందర్. ఆ చెలక మహేందర్‌ది, పక్క చెలక శంకరమ్మది, రెండిటి మధ్య మహేందర్ తండ్రి పాతిన రాయి ఒకటి ఉండేదని ఊళ్లో అందరూ అంటారు, ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు. తండ్రి పోయాక మహేందర్ ఒక సాయంత్రం చెలక చూసుకుందామని పోతే రాయి కనపడింది, అదే నాన్న రాయి అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, మరుసటి రోజు సాయంత్రం పసుపు కుంకుమ తెచ్చి పెట్టి ఫొటో దిగాడు, వానాకాలం వెళ్లాక పోతే రాయి లేదు. అంతే, శంకరమ్మ వాళ్లు హద్దురాయి పీకేశారని దావా. రాయి ఫొటోలో ఉన్నచోటే హద్దు అని తేలితే శంకరమ్మ గొర్ల దొడ్డి పోతుంది, దొడ్డి ఒక్కటే కాదు, మంద వాగుకు దిగే బాట కూడా పోతుంది, బాట పోతే ఎనభై గొర్లు నీళ్లకు ఊరంతా చుట్టి రావాలి, ఎండకాలం సగం దారిలోనే పడిపోతాయి. పోయిన వాయిదాకు శంకరమ్మను బోనెక్కించి రాయి ఏమైందని అడిగితే, ఆమె దేవుని మీద ప్రమాణం చేసి, ఉన్నది ఉన్నట్టు, వాగు పొంగినప్పుడు రాయి నీళ్లల్ల తేలి పోయింది సార్ అంది. కోర్టంతా నవ్వింది. బెంచి క్లర్కు తల వంచుకుని నవ్వాడు, రామసేతువుది ఒకటి మిగిలిపోయినట్టుంది అని వెనక నుంచి ఎవరో లాయరు గొణిగాడు, అవతలి లాయరు మనోరమ మేడం నవ్వలేదు, ఇంకేం ప్రశ్నలు లేవు అని కూర్చుంది, అది నవ్వుకన్నా అన్యాయం. శంకరమ్మ బయటికొచ్చి ఇదే స్తంభం దగ్గర కూర్చుని, నేను అబద్ధమాడ్తే నా మందకు రోగమొస్తది వకీలమ్మా, తేలింది, నా కండ్లతోని జూసిన అంది, అందరూ నవ్విన మాటను ఒక మనిషి అంత మెల్లగా మళ్లీ చెప్పడం రుచిత అంతకుముందు వినలేదు.

ఆ రాత్రి కూడా కాదు, మరునాడు ఆదివారం మధ్యాహ్నం, తాండూరు ఇంట్లో బండల మీద బోర్లా పడుకుని ఫైలు చదువుతుంటే, అమ్మ పద్మమ్మ పక్కనే చేటలో కందులు చెరుగుతుంటే, ఆ చప్పుడుకు నిద్ర ముంచుకొస్తుంటే, ఫొటోలో ఏదో తప్పు అనిపించింది. స్తంభం నీడ కుడివైపు పడింది. మహేందర్ నీడ కుడివైపు పడింది. అంటే ఎండ ఎడమ నుంచి వస్తోంది. కానీ రాయికి ఎడమ చెంప నల్లగా ఉంది, కుడి చెంప తెల్లగా మెరుస్తోంది, పగుళ్లలో చీకటి కూడా రివర్సులో ఉంది, లోకానికంతా ఒక సూర్యుడు, ఆ రాయికి మాత్రం వేరే సూర్యుడు. లేచి కూర్చుంది. చిన్నప్పుడు బాపు ఇంటికొచ్చినప్పుడల్లా ఇదే ఆట, గిన్నె చూపించి, గుమ్మం చూపించి, నీడ ఎటు వడ్డదో చెప్పు బిడ్డా, చెప్తే బెల్లం ముక్క, తాండూరు బండకు నీళ్లు తగిలితే నీలం ఎట్ల పైకొస్తదో చూపించేవాడు, రాయి ఏ రంగుల ఉండదు బిడ్డా, రాయి నీడల ఉంటది అనేవాడు. బాపూ, ఇది నీదేనా అని ఫొటో ఇచ్చింది. బాపు కళ్లద్దాలు లేకుండానే ఫొటోను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, తప్పిపోయిన పిల్లను చూసినట్టు చూశాడు. నాదే. మూడేండ్ల కింద గా చెలకల్నే షూటింగు. బొట్టు వెట్టిన్రా దీనికి, అన్నాడు, ఆ సాయంత్రమంతా ఇంట్లో ఈల వేస్తూ తిరిగాడు, తను చేసిన థర్మాకోల్ రాయికి మనిషి మొక్కాడంటే ముప్పై నాలుగేళ్ల పనికి అంతకన్నా ఏం కావాలి, మెచ్చుకోలు కాగితాలు ఏ అటకమీదైనా పడేయొచ్చు ఇక.

ఇదీ చెప్పాల్సింది. బాపు అఫిడవిట్‌లో ఆ రాయి నేను చేసినదే అని రాసిచ్చాడు, ఈ రోజు మనోరమ మేడం అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది, మీరే చేశారనడానికి రుజువేంటి, మీ బిడ్డ లాయరు కాబట్టి చెప్తున్నారు కదా అని. ఆమె కూర్చున్నాక రుచితకు ఒక్క ప్రశ్న అడిగే వీలుంటుంది. ఆ ప్రశ్న ఆ నీడ. ఆ నీడ తప్పు అని బాపుకు తెలియదు. ఇంత గొప్ప రాయి చేశానని ఈల వేసిన మనిషిని బోనులో నిలబెట్టి, అందరి ముందు, నువ్వు నీడ తప్పు వేశావు చూడు అని చూపించాలి, సొంత బిడ్డ. ఇంకెవరైనా అయితే అడిగేసేది. బాపు కాబట్టి కాదు, రెండోసారి కాబట్టి. ఎనిమిదేళ్లప్పుడు బడికి సెలవులిస్తే బాపు స్టూడియోకు తీసుకెళ్లాడు, అక్కడ కోర్టు సెట్టు, బాపు వేసిన పెద్ద కిటికీ, కిటికీలోంచి నేల మీద పడినట్టు పసుపుపచ్చటి ఎండ, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుందేమో అనిపించే ఎండ, రుచిత నిజంగానే ముట్టుకుంది, ముట్టుకుని పైకి చూసి గట్టిగా, అందరికీ వినిపించేలా, బాపూ లైట్లేమో గటు దిక్కున్నయి, ఎండేమో గిటు వడ్డదేంది అంది. పక్కనే ఆర్ట్ డైరెక్టర్ ఉన్నాడు. ఆయన చూశాడు, చూసి బాపును అందరి ముందు తిట్టాడు, ఆ తిట్లు రుచితకు మాటమాటా గుర్తులేవు, బాపు తలూపుతూ నిలబడడం గుర్తుంది, కుంచెను రెండు చేతులతో పట్టుకోవడం గుర్తుంది, ఆ రోజు బాపు అన్నం తినలేదు, డబ్బా మూత కూడా తీయలేదు, దారంతా బస్సులో కిటికీ బయటకు చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచే కావచ్చు రుచిత ఏదైనా చూసింది చూసినట్టు అనేముందు ఒకసారి నోరు మూసుకుంటుంది, లాయరుకు ఉండకూడని జబ్బు అని అనంతయ్య సారు అంటారు, ఎందుకొచ్చిందో ఆయనకేం తెలుసు.

స్తంభం నీడ శంకరమ్మ మోకాళ్ల మీంచి పాదాల దాకా జరిగింది. బాపు వాచీ పెట్టుకోడు, ఆ నీడను చూసి పదకొండుం పావు అన్నాడు, రుచిత ఫోన్ చూస్తే పదకొండూ పద్నాలుగు. శంకరమ్మ నవ్వింది, మా గొర్లకు గూడ గిట్లనే తెలుస్తదన్నా అంది, బాపు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు, ఇద్దరూ ఏ నెలలో నీడ ఎంత పొడుగుంటుందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, చెట్టు కింద మధ్యాహ్నం మంద ఎటు తిరిగి పడుకుంటుందో ఆమె చెప్తోంది, అచ్చం గట్లనే ఏస్తం మేము గూడ అని ఈయన అంటున్నాడు, ఒకరికి గొర్లు ఇంకొకరికి ప్లైవుడ్డు, సంగతి ఒకటే. మధ్యలో బాపు గొంతు తగ్గించి, ఆ రాయిని తీస్కపోకుండ ఇడిచిపెట్టింది నేనే శంకరమ్మా అన్నాడు, లారీలో సామానంతా ఎక్కిస్తుంటే అది అక్కడ అంత మంచిగా నిలబడి ఉందట, ఎన్ని దినాలు జనం నమ్ముతరో చూద్దామనిపించిందట, రెండుసార్లు బస్సులో పనిగట్టుకుని పోయి దూరం నుంచి చూసి కూడా వచ్చాడట, గీ లొల్లి అయితదని ఎరుక లేదు. శంకరమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత, నా మేకపోతు దాని మూల కొరికింది, ఆ పూట దగ్గింది, నేనేమో రాయిని తిన్నది నా మేక అని నలుగురికి చెప్పుకున్న అంది, అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, బాపు కూడా నవ్వాడు, ఇద్దరూ అలా నవ్వుతుంటే ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు, బాపూ ఒక మాట అని రుచిత అంది, ఏంది బిడ్డా అని బాపు తిరిగాడు, మొహమంతా ఇంకా నవ్వే ఉంది, అప్పుడే లోపలి నుంచి పిలుపు వినిపించింది, వాళ్ల కేసు నంబరే, ఏం లేదు బాపూ పిలిచిన్రు అంది.

బాపు బోనులోకి ఎక్కేముందు దాని కలపను అరచేత్తో ఒకసారి నిమిరాడు. ప్రమాణం చేశాడు, చాలా శ్రద్ధగా, ఒక్కో మాటను రంగు కలిపినట్టు. మనోరమ మేడం లేచి చాలా మర్యాదగా మీ వృత్తి ఏంటి అని అడిగింది.

"లేనిది ఉన్నట్టు చూపించుడు మేడం."

"అంటే అబద్ధం."

"అబద్ధమే మేడం. కాని కుంచె పట్టుకున్నప్పుడు నాతోని ఎవ్వరు ప్రమాణం చేయించలే. ఇయ్యాల చేయించిన్రు."

జడ్జి గారు తలెత్తి చూశారు. మేడం తొణకలేదు, అనుకున్నట్టే అడిగింది, రాయి మీదేననడానికి మీ మాట తప్ప రుజువు లేదని, ప్రతివాది తరఫున మీ బిడ్డ పనిచేస్తోంది కాబట్టి ఆమె కోసం చెప్తున్నారని, బాపు కాదు మేడం అన్నాడు, రెండుసార్లూ అంతే అన్నాడు, అది సరిపోదని రుచితకు తెలుసు, గదిలో అందరికీ తెలుసు, వెనక నిలబడ్డ మహేందర్‌కు తెలుసు, శంకరమ్మకు మరీ బాగా తెలుసు. అనంతయ్య సారు రుచిత వైపు తలూపారు. లేచింది. ఫొటోను బోను అంచు మీద పెట్టింది, ఇక్కడ బాపూ అనకూడదు, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నోట పలకని పేరు పలికింది.

"పాండురంగం గారూ, ఈ ఫొటోలో స్తంభం నీడ ఎటు పడింది? రాయి మీద నీడ ఎటు ఉంది?"

బాపు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఫొటోను దగ్గరికి తెచ్చుకున్నాడు. బాపు చెవులు ఎర్రబడతాయని చూస్తోంది రుచిత, స్టూడియోలో ఆ రోజు ఎర్రబడ్డాయి, ఇప్పుడూ పడతాయి, ఇంకా పడలేదు, బాపు కళ్లద్దాలపై నుంచి తనను చూశాడు, బెల్లం ముక్క ఇచ్చేముందు చూసే చూపు అది, ఆ చూపును ఇన్నేళ్లలో ఎక్కడ పెట్టి మరిచిపోయింది తను, చూసి జడ్జి గారి వైపు తిరిగాడు.

"స్తంభం నీడ పొద్దుమూకినప్పటిది సార్. రాయి మీదిది పొద్దుగాలది. షాటు పొద్దుగాల ఏడు గంటలకని చెప్పిన్రు, ఏడు గంటల ఎండ ఎటునుంచి వస్తదో చెలకల నిలవడి చూసి నీడ ఏసిన. అసలు రాయికి ఎండ తిరిగినకొద్ది నీడ తిరుగుతది సార్. నా రాయికి తిరగదు. ఎండ వచ్చినా, వాన వచ్చినా, మొక్కినా, దానికి ఎప్పుడూ పొద్దుగాల ఏడే."

జడ్జి గారు ఫొటోను అడిగి తీసుకున్నారు. కిటికీ వైపు వంచి చూశారు, మళ్లీ చూశారు. తర్వాత టైపిస్టు వైపు తిరిగి ఆ మాటలను కోర్టు భాషలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టారు, సాక్షి చెప్పినదాని ప్రకారం సదరు రాయిపై ఉన్న నీడ చిత్రించినది, అది ఎల్లవేళలా ఉదయం ఏడు గంటల సమయమును మాత్రమే సూచించును, అనగానే టైపిస్టు ఆగి, ఎల్లవేళలా ఏడేనా సార్ అని అడిగింది, బాపు బోనులోంచే, ఏడూ పది రాసుకో బిడ్డా, జర లేటైంది ఆ దినం అన్నాడు. ఈసారి కూడా కోర్టంతా నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు, అందులో శంకరమ్మ గొంతు కూడా ఉంది. మనోరమ మేడం ఫొటోను అడిగి చూసి, తన క్లయింటు వైపు తిరిగి ఏదో మెల్లగా చెప్పింది, మహేందర్ తల పట్టుకున్నాడు.

వరండాలోకి రాగానే మహేందర్ వెంటే వచ్చాడు. కోపంగా లేడు, ఏదో రెండోసారి పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. నేను మొక్కిన కాకా దానికి, మా నాయిన చెయ్యి తగిలిన రాయే అనుకున్న అన్నాడు. బాపు అతని భుజం పట్టుకున్నాడు, నీకు గట్ల అనిపియ్యాల్నే చేసిన తమ్మీ, కని ఇడిచిపెట్టుడు నా తప్పు, మీ నాయిన రాయి ఆడనే యాడనో ఉంటది, మంది కలిసి దేవులాడుదాం అన్నాడు. సర్వేకు పెడదాం పెద్దమ్మా, దావా తీసేస్త, అన్నాడు మహేందర్ శంకరమ్మతో, ఆమె మొహం చూడకుండా. తేలిందంటె నమ్మకపోతివి అంది శంకరమ్మ, కట్టె తెచ్చుకోవడానికి గేటు వైపు నడిచింది.

బెంచీ మీద మళ్లీ ఇద్దరే. రుచిత డబ్బా మూత మీద చెయ్యి పెట్టి తీయకుండా కూర్చుంది, బాపూ అంది, ఆ దినం స్టూడియోల, కిటికీ, నేను అన్నదానికే కదా నువ్వు అన్నం తినలే, అంది, ఇన్నేళ్ల మాట ఒక్క ఊపిరిలో వచ్చేసింది. బాపుకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, అర్థమయ్యాక ఎంత పెద్దగా నవ్వాడంటే పోలీసాయన ఇటు తిరిగాడు.

"గది గూడ గంతే కద బిడ్డా. పొద్దుగాల షాటన్నరు, మాపటికి తీసిన్రు, లైట్లు మార్చిన్రు. తిట్లెవనికి యాదికున్నయి. ఎనిమిదేండ్ల పిల్ల నీడ వట్టింది, ఆడ యాభై మంది ఉన్నరు, ఒక్కనికి దొరకలే. గా సంబురానికి ఆకలే కాలే నాకు. మీ అమ్మకు చెప్పిన గద రాత్రంత, నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అమ్మా చెప్పలేదు, బాపూ చెప్పలేదు, ఇద్దరూ ఒకరు చెప్పి ఉంటారని ఇంకొకరు అనుకున్నారు, పదిహేడేళ్లు. రుచిత మెడలోని తెల్ల బ్యాండు విప్పి ఒళ్లో పెట్టుకుని, దాని కొసను కళ్లకు ఒత్తుకుంది, కోటుకు దుమ్ము తగిలినట్టు దులుపుకుంది. బాపు డబ్బా మూత తీశాడు, రొట్టె తుంచి పుంటికూర పెట్టి ఆమె చేతిలో పెట్టాడు, పెడుతూ స్తంభం వైపు చూశాడు, నీడ శంకరమ్మ ఇందాక కూర్చున్న చోటు దాటి పోయింది.

"పన్నెండు కావస్తున్నది," అన్నాడు. "తిను."